యెహోవా అయినా పట్టలేడు

బర్ దుబాయ్,
9 డిసెంబరు 2025.

ప్రియమైన తమ్ముడు జోషువాను ప్రభువు నామంలో దీవించి అన్నయ్య రాయునది.

ఇక్కడ నేను, మీ వదిన, హెప్సీ దేవుని కృప వల్ల క్షేమం. నువ్వూ అక్కడ క్షేమమని తలుస్తాను అని తర్వాతి వాక్యం రాయాలి, నాన్న నేర్పిన పద్ధతి అది. దవడకు తీగలు బిగించుకుని స్ట్రాతో గంజి తాగుతున్న మనిషికి ఆ మాట రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు.

నీ ఉత్తరం శనివారం కొరియర్లో అందింది. ఈ కవరు తెచ్చిన అమ్మాయి పేరు వాసంతి. మీ వదిన వార్డులోనే నర్సు. డాలస్‌లో ఉద్యోగం దొరికి ఇవాళ మధ్యాహ్నం విమానం ఎక్కుతోంది. నీ చేతికి తప్ప ఇంకెవరి చేతికీ ఇవ్వవద్దని చెప్పాను. నీ ఫోన్ పోలీసుల దగ్గర ఉంది, మరదలేమో నా నంబరు చూస్తే ఎత్తడం లేదు. అందుకే ఈ కాగితం.

అడిగినవాటికి వరసగా జవాబు చెబుతాను. మీ వదిన నడుం నొప్పి అలాగే ఉంది. పన్నెండు గంటలు నిలబడి ఇంటికొచ్చి, నా మొహం చూసి దాన్ని ఇంకాస్త పెంచుకుంటోంది. హెప్సీ పదో తరగతి. నిన్ను కొట్టిన వీడియో దాని కంట పడకుండా దాచామనుకున్నాం. క్లాసులో ఎవరో చూపించారట. "బాబాయి చేతులెందుకు అడ్డం పెట్టుకోలేదు నాన్నా?" అని అడిగింది. ఒక్కో చేతి మీద ఒక్కో మనిషి నిలబడి ఉన్నాడని దానికి చెప్పలేకపోయాను.

నాన్న సమాధి రాయి పగిలిన మాట నిజమే. మొన్న వేసవిలో పాలకొల్లు వెళ్లి కొత్తది వేయించాను. ఇంటిపేరు పొల్లుపోకుండా చెక్కమని రాళ్లు కొట్టేవాడి పక్కనే నిలబడ్డాను. ఇంటిపేరు సంగతికి మళ్లీ వస్తాను.

మీ పార్టీలో గొడవ నాకు అర్థం కాదేమోనని రెండు పేజీలు వివరించావు. ఒకే జెండా, ఒకే ప్రార్థన, ఒకే ఎర్ర టోపీ, లోపల రెండు ముఠాలు. రాజ్యాంగాన్నీ దేవుణ్ణీ నమ్మి ఒళ్లొంచి పనిచేసేవాడు ఎక్కడ పుట్టినా అమెరికావాడేనని మీవాళ్లు. నాలుగు తరాల తాతలు ఆ మట్టిలో ఉంటే తప్ప కాదని అవతలివాళ్లు. అందరూ కన్సర్వేటివులే, దేన్ని కాపాడుకోవాలన్న దగ్గరే తలలు పగులుతున్నాయి. ఏడేళ్లు ఆ పార్టీకి కుర్చీలు మోశావు, ఇంటింటికీ కరపత్రాలు పంచావు, చివరికి కౌంటీ కమిటీ కార్యదర్శి పదవికి నిలబడ్డావు. పాస్టరు కొడుకువి, సగం బైబిలు నోటికొచ్చినవాడివి, నిన్ను ఎవరు కాదంటారనుకున్నావు. వాళ్లు నిన్ను హిందువన్నారు. మన ఊళ్లో హిందువువి కాదంటూ నాన్నను రెండుసార్లు కొట్టారు. నిన్ను టెక్సాస్‌లో హిందువువంటూ కొట్టారు. మన వంశానికి దెబ్బలు తప్పవు కానీ కారణాలు మాత్రం మారుతుంటాయి.

అక్టోబరు ముప్పై సాయంత్రం గురించి నువ్వు ఎడమ చేత్తో రాసింది మూడుసార్లు చదివాను. పదిహేడు ఓట్ల తేడాతో గెలిచి బయటికొచ్చావు. కార్ల దగ్గర నలుగురు కాపు కాశారు. ఒకడు జెండా కర్రతో మోకాలి వెనక కొట్టాడు. పడ్డాక బూటు దవడ మీద దిగింది. కుడి చేతి వేళ్లను మడమతో నలిపారు. పక్కటెముకలు విరిగిన చప్పుడు నీకే వినబడిందని రాశావు. కొడుతున్నంతసేపూ నలుగురూ ఒకటే అరిచారని, హౌస్ థీఫ్, హౌస్ థీఫ్ అని రాసి, దాని కింద కాగితం చిరిగేలా గీత గీశావు.

ఆ పైన నీ ప్రశ్న. "అన్నయ్యా, చావబోతూ అమ్మ మాట విన్నాననుకున్నాను. తర్వాత తెలిసింది, గ్రాండ్‌పా వేన్ అని ఓహాయో రైతు ఒకడు ఇంటర్నెట్‌లో నా మీద రాశాడట, 'ఇంటి దొంగను యెహోవా అయినా పట్టలేడు' అని. ఓహాయోలో ఎవరంటారు ఆ మాట?"

ఎవరూ అనరు. తెలుగునాట కూడా అనరు. లోకమంతా ఈశ్వరుడైనా పట్టలేడంటుంది. మనం మతం మారిన కుటుంబం కదా, ఈశ్వరుడి పేరు ఎత్తకూడదని అమ్మ ఆ సామెతలో యెహోవాను కూర్చోబెట్టింది. "యెహోవా పట్టలేనిది ఏముందే పిచ్చిదానా" అని నాన్న ఎన్నిసార్లు కసిరినా మానలేదు. అమ్మ కోవిడ్‌లో పోయాక ఆ మాట తెలిసినవాళ్లు ఈ భూమ్మీద ఇద్దరే, నువ్వూ నేనూ.

నువ్వు మాత్రం మూడోవాడు ఉన్నాడని రాశావు. మహీధర్. వరంగల్ అబ్బాయి, మీ కమిటీలో నీతో పాటు తిరిగినవాడు. ఓసారి కారులో వెళుతూ అతనికి అమ్మ సామెత చెప్పి నవ్వుకున్నారట. ఓటింగుకు ముందు నిన్ను తప్పుకోమని బతిమాలాడట. కాబట్టి వాడే అమ్ముడుపోయాడని, వాడే ఆ ముసలాడి వేషం వేశాడని తేల్చేశావు. మరదలు పిల్లను తీసుకుని వాళ్లక్క ఇంటికి వెళ్లిపోయింది. నువ్వు తుపాకీ కొన్నావు. పన్నెండో తేదీన తీగలు విప్పుతారని, నోరు తెరిచి మాట్లాడే మొదటి మాట మహీధర్ గుమ్మం ముందే మాట్లాడతానని రాశావు.

ఆగు, జోషువా. కుర్చీలో కూర్చుని చదువు.

మహీధర్ కాదు, గ్రాండ్‌పా వేన్ నేనే.

కోవిడ్ ఏడాదిలో బడి ఉద్యోగం పోయి, మీ వదిన వీసా మీద ఇక్కడికి వచ్చాను కదా. ఆఫీసులో ఇంగ్లీషు దిద్దే పని దొరికిందని నీకు చెప్పాను. ఆ ఆఫీసు చీరల దుకాణం పైన రెండు గదులు. పద్దెనిమిది మందిమి. ఎవరి కోసం చేస్తున్నామో ఎవరికీ తెలియదు, అడగకూడదు. మా ముదీర్, అంటే మేనేజరు, అమీర్ జాన్ రోజూ సాయంత్రం చీటీలు పంచేవాడు, ఎవరి మీద రాయాలో, ఎంత మంట పెట్టాలో. నా ఎదుటి బల్ల నెల్లూరు షాహుల్‌ది. అతను మీ ముఠా తరపున ఒక పాస్టరమ్మ వేషం, నేను అవతలి ముఠా తరపున రైతు వేషం. రెండు గంటలు ఒకరి తాతముత్తాతల్ని ఒకరం తిట్టుకుని, ఏడింటికి డబ్బా విప్పి పప్పుచారు పంచుకునేవాళ్లం. "అన్నా, మా పాస్టరమ్మను మరీ అంత మాటంటివే. రేపు చూడు నీ ముసలోడి సంగతి" అనేవాడు షాహుల్. మాకది నాటకంలో పాత్ర లాంటిది. నాలుగేళ్లు నేను రాసిన మాటలకు ఎక్కడో మనిషి ఉంటాడని, వాడికి దవడ ఉంటుందని నాకు తట్టలేదు.

అక్టోబరు ఇరవై ఎనిమిదిన నాకు వచ్చిన చీటీలో జాష్ పెన్ అని ఉంది. బయటి నుంచి వచ్చి కమిటీలో దూరుతున్నాడు, ఉతకమన్నారు. "యల్లా ఏసుభాయ్, గుస్సా చాహియే, గుస్సా. ప్యార్ సే కోయీ నహీ పఢ్తా" అన్నాడు అమీర్ జాన్. కోపం కావాలట, ప్రేమగా రాస్తే ఎవడూ చదవడట. నాకు ఇంగ్లీషు తిట్లు అయిపోయాయి. అమ్మ సామెత గుర్తొచ్చింది. మాటకు మాట ఇంగ్లీషులోకి తిప్పేశాను. ఆ భాషలో హౌస్ థీఫ్ అనే మాటే లేదు, ఎనిమిదో తరగతి పిల్లలు రాస్తే ఎర్ర సిరాతో కొట్టేసేవాణ్ణి. ఆ వింతకే వాళ్లు మురిసిపోయారు. తెల్లారేసరికి లక్షల మంది పలికారు, బనీన్ల మీద అచ్చేశారు.

ఇక్కడ ఆపితే నేను పొరపాటు చేసినవాణ్ణి మాత్రమే అవుతాను. ఇంకా ఉంది.

మర్నాడు సాయంత్రం చీటీతో పాటు ఫొటో వచ్చింది. సూటు, టై, గుండె మీద జెండా బిళ్ల, అమ్మ ముక్కు. జాష్ పెన్ అంటే పెనుమాల జోషువా అని అప్పుడు తెలిసింది. మీ ఓటింగు సభకు ఇంకా ఇరవై నాలుగు గంటలకు పైగా టైముంది. నేను రాసింది చెరిపేయవచ్చు. నీకు ఫోన్ చేసి వెళ్లొద్దని చెప్పవచ్చు. ఏమీ చేయలేదు.

ఎందుకో నిజం రాస్తాను. ఒళ్లు మండింది. ఆ పేరు పూర్తిగా చెప్పినందుకే మన ఊరి హోటల్లో నాన్న మీద వేడి టీ పోశారు. మర్నాడు మళ్లీ వెళ్లి, కాలిన చెయ్యి బల్ల మీద పెట్టి, పెనుమాల ప్రకాశాన్ని, టీ ఇవ్వండి అన్నాడాయన. నువ్వు అందులో పెన్ను ఉంచుకుని మాలను పారేశావు. నాతో ఒక్క మాట కూడా చెప్పకుండా. పదిమందిలో నాలుగు మాటలు పడనీ, బుద్ధొస్తుంది అనుకున్నాను. మాటలే అనుకున్నాను. కానీ ఆ రాత్రి ఆ ముసలాడి పేరుతో ఇంకొకటి కూడా రాశాను, వాడి తాత ఎక్కడ పూడ్చిపెట్టి ఉన్నాడో అడగండి అని. అప్పటికి నువ్వని నాకు తెలుసు.

నేను నాలుగేళ్లు వేషం వేసి నెల జీతం తీసుకున్నాను, నువ్వు ఏడేళ్లు వేషం వేసి దెబ్బలు తిన్నావు. నిన్ను అడిగే హక్కు నాకెక్కడిది?

ముప్పై ఒకటిన వీడియో వచ్చింది. అమీర్ జాన్ గోడ మీది పెద్ద తెరకు ఎక్కించాడు. నీ పన్ను ఊడి సిమెంటు మీద దొర్లింది. ఎవడో చప్పట్లు కొట్టాడు. షాహుల్ మొహంలో ఏదో కదిలింది, నవ్వాడనుకున్నాను. కీబోర్డు ఊడబెరికి వాడి మొహం మీద కొట్టాను. కనుబొమ చీలి రక్తం చొక్కా మీదికి కారింది. ఇంకో రెండు వేశాను. వాడు చెయ్యెత్తలేదు. "ఏందన్నా, నేను ఆయన పక్కే గదా రాసింది" అన్నాడు. నిజమే, నీ తరపున ఆ గదిలో రాసినవాడు వాడొక్కడే. నేను పగలగొట్టింది వాణ్ణి. వాడు పోలీసులకు చెప్పలేదు, మీ వదినే ఇంట్లో కూర్చోబెట్టి ఐదు కుట్లు వేసింది.

కిందటి నెలలో ఏ ఖాతా ఏ దేశానిదో బయటపడటం మొదలైంది. గ్రాండ్‌పా వేన్ పేరు కింద ఈ దేశం పేరు కనబడింది. అక్కడివాళ్లు రెండు రోజులు నవ్వుకుని, ఆ మాటతోనే మళ్లీ కొట్టుకుంటున్నారు. అమీర్ జాన్ ఖలాస్ అని ఆఫీసుకు తాళం వేశాడు. నీ దగ్గర ఫోన్ ఉంటే నీకూ తెలిసేది.

నీ ఉత్తరం చదివి మీ వదిన ముందు అంతా చెప్పాను. "ఆ మహీధర్ గారి నంబరు సంపాదించండి ముందు. ఏడుపు తర్వాత ఏడుద్దురుగాని" అంది. సంపాదించాను. నిన్న ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పి, భార్యాపిల్లల్ని తీసుకుని నాలుగు రోజులు ఎక్కడికైనా వెళ్లమన్నాను. అతను ఏమన్నాడో అలాగే రాస్తున్నాను.

"పిల్లల్ని పంపిస్త అన్నా. నేనైతే యాడికి పోను. జోషువా వస్తె తలుపు తీస్త. ఆ దినం ఆయన్ను కార్ల ఏస్కొని దవాఖానకు తీస్కపోయింది నేనే. సీటుకు నెత్తురు మరక ఇంక పోలే."

ఇది నీకు తెలియదు. స్పృహ లేదు నీకు. ఆసుపత్రిలో నిన్ను చూడటానికి వస్తే నువ్వు మొహం తిప్పుకున్నావట, మళ్లీ రాలేదట.

ఇక ఒకటి మిగిలింది. నీకు ఏడేళ్లప్పుడు, చర్చిలో ప్రభువు బల్ల ఆరాధన కోసం దాచిన ద్రాక్షరసం సీసా ఖాళీ అయింది. అమ్మ చింతబరిక విరిగేదాకా నిన్ను కొట్టి ఆ సామెత అంది. వీపు చిట్లి చొక్కా అంటుకుపోయింది, నీళ్లు పోసి ఊడదీశారు. తాగింది నేను. తలుపు వెనక నిలబడి ప్రతి దెబ్బా చూశాను. నువ్వు నా వైపు ఒక్కసారి చూసి, నా పేరు చెప్పలేదు. నీకు తెలుసని నాకప్పుడే తెలుసు.

చివరి కాగితం ఇంగ్లీషులో ఉంది. చేసినదంతా రాసి సంతకం పెట్టాను, పాస్‌పోర్టు నంబరుతో సహా. పోలీసులకివ్వు. ఈ దేశంలో దానికి నాకేం జరుగుతుందో, మీ వదిన ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. "ఊడితే పాలకొల్లులో సూదులు వేసుకుని బతుకుతాను, పంపండి" అంది.

నన్ను క్షమించమని అడగను, ఆ మాట అడిగితే నీకు ఇంకో బరువు. మహీధర్ గుమ్మం ముందుకు నువ్వు వెళ్లాల్సిందే, కానీ వట్టి చేతులతో వెళ్లు. నోరు విప్పి మాట్లాడే మొదటి మాట అతనికి నమస్కారం కావాలి. ఆ తర్వాత కూడా కోపం తీరకపోతే, కవరు వెనక నా చిరునామా ఫ్లాటు నంబరుతో సహా రాశాను. ఈసారి నేను తలుపు వెనక లేను.

ఇట్లు,
ఇంటి దొంగ,
నీ అన్నయ్య
పెనుమాల ఏసుదానం