ఇక తోయక్కర్లేని కారు

శ్రీమతీ, తాళాలు ఫ్రిజ్ మీద ఉన్నాయి. ఇవాళ మన ముసలి స్పోర్ట్స్ కారులో నువ్వే ఆఫీసుకు వెళ్ళు. చోక్ సగం లాగి ఒక్కసారి తాళం తిప్పు, చాలు. నిన్న ఇగ్నిషన్‌లో మసిపట్టి నిప్పురవ్వ రానివ్వని పాత పాయింట్లు పీకేసి ఎలక్ట్రానిక్ పెట్టె బిగించాను. కాబట్టి "ఈసారి స్టార్ట్ కాకపోతే అమ్మేద్దాం" అన్న నీ మాటలో ఇక పాయింటు లేదు. నిప్పులు కక్కే పని కూడా ఇకనుంచి దానిదే, నీది కాదు. పాయింట్లు గీకడానికి ఎత్తుకెళ్ళిన నీ గోళ్ళ ఆకురాయిని కడిగి అద్దం దగ్గర పెట్టాను.

ఏడేళ్ళుగా నువ్వు స్టీరింగ్ పడితే వెనక నేను తోస్తున్నాను. ఇవాళ ధైర్యంగా బస్సెక్కి వెళ్ళిపోతున్నాను.

తా.క. ఎందుకైనా మంచిదని ఎదురింటి డ్రిల్లు మాస్టారికి చెప్పి ఉంచాను. నువ్వు బయల్దేరేదాకా మొక్కలకు నీళ్ళు పోస్తున్నట్టు నటిస్తారు. నువ్వూ చూడనట్టు నటించు.