బ్రేక్ డిస్కుకి కంచం కొలత

ఏమండీ,

వెనక చక్రాల బ్రేక్ డిస్కులు కొనడానికి వెళ్లేటప్పుడు ఈసారి కొలతకి మీ అన్నం కంచం పట్టుకెళ్లకండి. పోయినవారం సరిగ్గా కంచమంతే ఉన్నాయని మురిసిపోయి ముందు చక్రాలవి తెచ్చారు. కంచానికంటిన గ్రీజు వదిలించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

పాత డిస్కు విప్పించి, పేపర్లో చుట్టి చెప్పుల స్టాండు మీద పెట్టాను. కొట్లో దాన్నే చూపించి, అచ్చం అలాంటివే రెండు తీసుకోండి. ఎర్రరంగు పూసినవి ముచ్చటగా ఉన్నాయని ఎగబడకండి. చక్రం లోపలికి తొంగిచూసి మిమ్మల్ని మెచ్చుకునేవాళ్లెవరూ లేరు.

కారు జాకీ మీదుంది, బస్సులో వెళ్లండి. డిస్కు బరువుగా ఉంది, నొప్పెడుతున్న ఆ భుజానికి దాన్ని తగిలించుకోకండి.

తా.క.: కంచం నా సంచిలో వేసుకుని ఆఫీసుకి పోతున్నాను. మధ్యాహ్నం గిన్నెలోనే తినేయండి.