అమ్మ ఒప్పుకోని దిగులు

పిన్నీ,

అమ్మ నీకు ఫోన్‌లో చెప్పి ఉండదు, అందుకే రాస్తున్నాను. తన ఒళ్ళునొప్పులు ఫైబ్రోమయాల్జియా అని తేల్చిన ఆస్పత్రిలో ఒక పరిశోధన జరుగుతోంది. ఈ జబ్బున్నవాళ్ళలో జన్యువుల తేడాలకూ స్వభావానికీ ఏమైనా సంబంధం ఉందా అని చూస్తున్నారు.

అందులో చేరి అమ్మ రక్తం చక్కగా ఇచ్చింది. స్వభావం గురించి అడిగితే మాత్రం అన్నీ అబద్ధాలే చెప్పింది. దిగులే లేదట, కోపమే రాదట! బయటికొచ్చాక నిలదీశాను.

"దిగులుందంటే నొప్పి ఒంట్లో కాదు, అంతా నా బుర్రలోనే ఉందంటారే. మీ పిన్ని అననే అందిగా!"

నిన్ను తప్పుపట్టడానికి రాయడం లేదు. పోల్చి చూడటానికి నొప్పుల్లేని తోబుట్టువులు కూడా కావాలట. ఆ ప్రశ్నలే అమ్మను మళ్ళీ అడగడానికి డాక్టరమ్మ ఒప్పుకుంది. శనివారం రా. సూదంటే నీకు భయం కదా, చెయ్యి నేను పట్టుకుంటాను.

లోపలికి వెళ్ళేముందు అమ్మతో ఒక్క మాట చెప్పు. మీ ఇద్దరిలో తాళం వేశాక కూడా వెనక్కెళ్ళి లాగి చూసేది, బాబాయి కాస్త ఆలస్యమైతే ఊరంతా ఫోన్లు చేసేది నువ్వేనని చెప్పు. అయినా నీకు ఏ నొప్పీ లేదని కూడా చెప్పు. నేను చెబితే ఓదార్పనుకుంటుంది. బుర్రలోనే ఉందన్నదానివి నువ్వు కాబట్టి, దిగులున్నంత మాత్రాన నొప్పి ఉత్తుత్తిది కాదని నువ్వు చెబితేనే నమ్ముతుంది.

నీ అక్క కూతురు