అమ్మవారి పేరు, డాట్ ఇన్

ఏమండీ, ఈ రోజు మీ సంవత్సరీకం. భోజనానికి వచ్చిన మీ తమ్ముడు సంబరంగా చెప్పాడు: "ఇంటర్నెట్టులో మన ఊరి అమ్మోరి పేరు పక్కన డాట్ ఇన్ పెట్టి, నా పేరున రాయించీసినాను వదినా. ఇంక గుడోళ్లకి ఆ పేరుతో వెబ్‌సైటు కావాలన్నా నన్నే అడగాల!"

నాకు రోత పుట్టింది. కాళ్ల కింద పడుతుందని మీరు మన జీడిపప్పు సంచుల మీద కూడా ఆ పేరు అచ్చు వేయించలేదు.

"అమ్మోరిని అడిగినావా?" అన్నాను.

"కంప్యూటర్లో ఖాళీగా ఉంది వదినా. ముందెవులు రాయించుకుంటే ఆలదే," అని నవ్వాడు. "కాశీబుగ్గ సావుకారొకడు అప్పుడే బేరమాడతన్నాడు."

విస్తరిలో పరమాన్నం వడ్డించి ఉంది. అతను ఇంకా చెయ్యి పెట్టలేదు.

"ఇంక లెగు బాబూ," అన్నాను మెల్లగానే.

అతను వెళ్లాక ఆ విస్తరి తీసుకెళ్లి పెరటి గోడ మీద పెట్టాను. కాకులు వెంటనే వచ్చి తిన్నాయి.