పైమంచం అడుగున నది

మల్లేశన్నా,

ఈ రోజు నీ సంవత్సరీకం. ఇవాళే మన రియాద్ క్యాంపు ఖాళీ చేయించారు. సౌదీవాళ్లను సరిపడా పెట్టుకోలేదని కంపెనీ సర్కారు రెడ్ లిస్టులో పడింది, మన తలకింతని కట్టాల్సిన లెవీలు కట్టలేక అందరికీ ఇంటికి పంపే ఎగ్జిట్ వీసా కొట్టేశారు.

బయట బస్సు హారన్ ఆపడం లేదు. అది తప్పితే హురూబ్ కింద రాస్తారు, అంటే పారిపోయినవాడినే. నేనేమో నీ మంచంలో వెల్లకిలా పడుకుని, పైమంచం చెక్కకు నువ్వు అంటించిన కెనడా బొమ్మను గోటితో గీకుతున్నాను. అన్నం మెతుకులు మెత్తి అంటించావు, ఊడి చస్తేనా! ఆ అడవి, ఆ నది, ఒడ్డున పాత కర్రకోట.

"గా కోటల ఒక్క మేకు గూడ పీకనియ్యరట తమ్మీ. సుట్టూ పార్కు జేసి కాపాడుకుంటున్నరు" అని ఎంత మురిసేవాడివి!

నది మూల కాస్త చిరిగింది. ఇక చేయి ఆడలేదు.

మంచాలు కొన్న తుక్కు వ్యాపారి, ఓ పాకిస్తానీ, స్పానర్‌తో లోపలికొచ్చాడు. బోల్టులు విప్పబోతూ బొమ్మను చూసి ఆగాడు.

"యే తుమ్హారా గావ్ హై?"

మళ్లీ హారన్ మోగింది. సంచీ భుజాన వేసుకుని, గుమ్మం దాటుతూ వచ్చీరాని హిందీలో చెప్పాను:

"నా ఊరు కాదు భాయ్. మా అన్న ఇప్పుడు అక్కడే ఉంటున్నాడు."