నాన్న వాయిద్యాల జత

దెన్‌పసార్

గెదె అన్నయ్యకు,
చెవి ఆపరేషన్ గాయం మానింది, బెంగపడకు. లోపల పెట్టిన మిషన్‌తో మాటలు పోల్చుకుంటున్నాను. నిన్న పేట సంఘం వాళ్ళ గమెలాన్ కంచు వాయిద్యాల మేళం సాధనకు వెళ్ళాను. గుండె ఆగినంత పనైంది! చెవుడొచ్చిన తొమ్మిదేళ్ళూ కలవరించిన పాట రేకు డబ్బాలు దొర్లినట్టుంది. భోరుమన్నాను. గురువు సుదర్మగారు, "పాటనొదిలెయ్యవే పిచ్చిదానా, ఇది విను" అంటూ, రవ్వంత తేడాతో శ్రుతి చేసిన జంట వాయిద్యాల మీద ఒకే స్వరం కొట్టించారు. ఆ రెంటి మధ్యా మోత ఊగుతూ అల లేచింది అన్నయ్యా! అచ్చం నాన్న వాయించినట్టే.

వదిన దగ్గు తగ్గిందా? నా ఎర్ర చీరగుడ్డ పంపు. పిల్లలకు ముద్దులు.

నీకెలాగూ వినబడదుగా, రెండూ ఒకలాంటివేగా అని నాన్న వదిలివెళ్ళిన జతలో ఒకటి అమ్మేస్తానన్నావు. అమ్మొద్దు. ఒక్కటే మోగితే నాకది రేకు. రెండూ మోగితే నాన్న.

చెల్లి సుకెర్తి