పన్నెండో పేరు

అక్కయ్యకు,

నీ తమ్ముడు నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ అందరం బాగున్నాం. ఆ 'అందరం'లో కాస్త అబద్ధం ఉంది, ఎక్కడుందో చదువుతూ పోతే నీకే తెలుస్తుంది. బావ మోకాలి నొప్పి తగ్గిందన్నావు, సంతోషం. బావకు ఈ బ్రెయిలీ చుక్కలు చదవడం రాదు కాబట్టే ధైర్యంగా రాస్తున్నాను. ఏం రాశాడని అడిగితే, తమ్ముడు కులాసా అని చెప్పు.

నీ మేనకోడలు పరీక్షలు గట్టెక్కింది. లెక్కల్లో ఎలా గట్టెక్కిందో దానికీ తెలియదు, మాకూ తెలియదు.

పొద్దున ఎనిమిది గంటల వార్తల్లో నా గొంతు మునుపటిలా లేదని, ఎవరో తరుముతున్నట్టు చదువుతున్నానని రాశావు. ఇరవై ఆరేళ్ళుగా వింటున్న చెవి నీది, దాన్ని మోసం చేయడం నా తరం కాదు. ఈ స్టేషన్లో ఫోన్లు ఎత్తే పనిలో చేరినప్పుడు, చూపులేనివాడు వార్తలేం చదువుతాడని నవ్వారు. రికార్డరు భుజాన వేసుకుని సమ్మెలకూ వరదలకూ వెళ్ళి మనుషుల మాటలు మోసుకొచ్చాక నవ్వడం మానేశారు. ఎనిమిది గంటల కుర్చీ ఇచ్చినరోజు, అట్టముక్కల మీద మేకుతో చుక్కలు పొడిచి నాకు అక్షరాలు నేర్పింది మా అక్కేనని కనబడ్డవాళ్ళందరికీ చెప్పాను. ఇప్పుడు నా భయమంతా ఆ కుర్చీ గురించే.

చెయ్యి ఎలా కాలిందని అడిగావు. పరధ్యానంలో కెటిల్ పట్టుకున్నానని నీ మరదలికి చెప్పాను. పరధ్యానం కాదక్కా. వేడి తెలియలేదు. షుగరు వల్ల వేళ్ళ నరాలు మొద్దుబారాయని డాక్టరు చెప్పి నాలుగు నెలలైంది. ముందు కుడిచెయ్యి, తర్వాత ఎడమది. ఈ ఉత్తరం మిషను మీద కొట్టడానికి నా వేళ్ళు చాలుతాయి, చదవడానికే చాలవు. కాగితం మీద చుక్కలున్నాయో, వట్టి కాగితమో తెలియడం లేదు. కళ్ళు పోయినప్పుడు నాకు నాలుగేళ్ళు, భయపడేంత వయసు లేదు. ఇప్పుడు సరిపడా ఉంది.

మరి వార్తలెలా చదువుతున్నావంటావా? పెదవితో. నవ్వకు. కింది పెదవికి చుక్కలు ఇంకా తెలుస్తున్నాయి. నీ పోయిన ఉత్తరం కూడా మొహానికి ఆనించుకుని అలాగే చదివాను, అందుకే జవాబు ఇంత ఆలస్యం. కానీ మైకు ముందు పెదవితో చదువుతూ అదే పెదవితో మాట్లాడలేను కదా. అందుకని ఆరున్నరకే వెళ్ళి, రికార్డింగు గదికి గడియ పెట్టుకుని, బులెటిన్ అంతా పెదవితో చదివి కంఠతా పడతాను. ఎనిమిదింటికి కాగితం మీద వేళ్ళు ఊరికే నడిపిస్తూ అప్పజెప్పేస్తాను. నీ చెవి తప్ప ఎవరూ కనిపెట్టలేదు.

క్రితం మంగళవారం మాత్రం ఆ తెలివి పనిచేయలేదు. ముందురోజు సాయంత్రం ఒక పడవ మునిగింది. రేవు దగ్గర ఫోన్లు పోయాయి. బయటపడ్డవాళ్ళ పేర్లు పన్నెండు, బాగా ఆలస్యంగా వచ్చాయి. మా దగ్గర వార్తల్ని బ్రెయిలీ మిషను మీద కొట్టే ఆవిడ ఉంది, చుక్కలమ్మ అని నేనే పేరు పెట్టాను. ఆవిడ కొట్టి నా చేతికిచ్చేసరికి ఎనిమిదికి ఐదు నిమిషాలుంది. గోడవైపు తిరిగి గబగబా పెదవితో చదువుకున్నాను. మైకు ముందు తడుముకోకుండా చెప్పాను. పదకొండే చెప్పాను.

పన్నెండోవాడు ఆ పడవ ఇంజను మెకానిక్కు. అతని ఇంట్లో రేడియో చుట్టూ కూర్చున్నవాళ్ళు మధ్యాహ్నం దాకా అతను లేడనే ఏడ్చారు. ఎవరివో బట్టలు కట్టుకుని అతను గుమ్మంలోకి వచ్చేసరికి వాళ్ళమ్మ ఆస్పత్రిలో ఉంది. ఆవిడకు మాట పడిపోయింది. ఇప్పుడు కొద్దికొద్దిగా వస్తోందట.

ఇంతవరకు తేలిగ్గానే రాశాను. అసలుది ఇప్పుడు.

ఎడిటరు రాసిన ప్రతిలో పన్నెండు పేర్లున్నాయి. నేను చదివింది పదకొండు. మధ్యలో ఉన్నది చుక్కలమ్మ. డైరెక్టరు మా ఇద్దర్నీ పిలిచాడు.

"మీ కాగితంలో ఆ పేరు ఉందాండీ?" అని నన్ను అడిగాడు.

"ఆ కాగితం పాతవాటి సంచీలో వేసేశాను" అన్నాను. అప్పుడది నా చొక్కా జేబులో ఉంది.

"కొట్టాననే గుర్తు సార్," అంది చుక్కలమ్మ. "కానీ ఆయన వేళ్ళకి తగల్లేదంటే నేను కొట్టి ఉండను. పదకొండేళ్ళలో ఆయన వేళ్ళు తప్పు చదవడం నేను చూళ్ళేదు."

తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నానక్కా. బయటికొచ్చాక నా చెయ్యి పట్టుకుని మెట్లు దింపింది కూడా ఆవిడే. ఆ చేతి వెచ్చదనం సైతం నా వేళ్ళకు తెలియలేదు.

రేపు పదింటికి విచారణ. ఆవిణ్ణి తీసేస్తారని క్యాంటీన్లో అనుకుంటున్నారు. పక్కన ఎవరు గొంతు తగ్గించినా గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటున్నాను. అన్నం సయించడం లేదు. ఇవాళ పొద్దున ఆ కాగితాన్ని మళ్ళీ పెదవికి ఆనించాను. చివరి వరుసలో పన్నెండో పేరుంది. ఒక్క చుక్క కూడా తప్పు పోలేదు.

చాలా భయంగా ఉంది. ఆ మైకు తీసేస్తే నేనెవర్నో నాకే తెలియదు. నిన్ను సలహా అడుగుదామనుకున్నాను. 'చెప్పకురా, ఇల్లు గడవాలి' అంటావేమోనని భయం. 'చెప్పెయ్యరా' అంటావేమోనని అంతకన్నా భయం. అందుకే అడగడం లేదు. స్టేషను గేటు పక్కనే పోస్టు డబ్బా ఉంది. రేపు ఈ ఉత్తరం అందులో వేస్తాను. వేశాక నీ దగ్గర అబద్ధం మిగలదు కాబట్టి, ఆ కాగితం పట్టుకుని పైకి వెళ్ళక తప్పదు. ఇది నీ చేతికొచ్చిందంటే చెప్పేశానని అర్థం.

ఎనిమిది గంటలకు రేడియోలో వేరే గొంతు వస్తే కంగారుపడకు, కట్టెయ్యకు కూడా. కొత్తవాళ్ళెవరో, పాపం, భయపడుతూ చదువుతుంటారు. జవాబు మాత్రం చుక్కల్లోనే రాయి, కాస్త గట్టిగా నొక్కి. ఇకమీదట నా పెదవికి వేరే పనుండదు, తీరిగ్గా చదువుకుంటాను.

ఇట్లు,
నీ చెవికి దొరికిపోయిన
తమ్ముడు